కాజీపల్లి తెల్ల పొడి

నేను పిరికిదాన్ని. రిటైరైన రోజు సభలో ఈ మాట చెబితే అందరూ నవ్వారు. శాలువా కప్పడానికి వచ్చిన పెద్దమనిషి "అది మేడం గారి వినయం" అన్నాడు. వినయమూ లేదు, పాడూ లేదు. ఇరవై ఏళ్ళకు పైగా హెచ్‌ఐవి వైరస్‌ను ల్యాబులో పెంచి, దానికి మందు పెట్టి, ఏ మందుకు ఎంతవరకు లొంగుతుందో చూడటం నా ఉద్యోగం. పటాన్‌చెరు దాటాక సంగారెడ్డి రోడ్డు మీద, ఫ్యాక్టరీల నడుమ, బయటి నుంచి చూస్తే గోదాములా కనబడే చిన్న పరిశోధన కేంద్రంలో పనిచేశాను. అన్నేళ్ళూ పొద్దున్నే వైరస్ ఉండే లోపలి గది తలుపు దగ్గరికి రాగానే వెనక్కి తిరిగి పోవాలనిపించేది. చివరి రోజు కూడా అనిపించింది.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గొడవలు, ఫైళ్ళ గొడవలు ఇందులో ఉండవు. అవి ఏ ఆఫీసులోనైనా ఉండేవే, వాటి గురించి చెప్పడానికి నా దగ్గర కొత్త తెలివేమీ లేదు. నేను చెప్పేది భయం సంగతి. ముఖ్యంగా, కాజీపల్లిలో ఒకామె కడుపులో ఉన్న బిడ్డ కోసం నేను పడ్డ భయం. మనుషుల పేర్లు మార్చాను. మిగతాది నాకు గుర్తున్నది గుర్తున్నట్టే రాస్తున్నాను.

భయం చెప్పి లోపలికి రా

నేను చేరింది ఎనభైల చివర్లో. అప్పటికి మన దగ్గర ఈ జబ్బు పేరు పేపర్లో చదవడమే తప్ప, జబ్బు మనిషిని చూసినవాళ్ళు తక్కువ. రక్తం నమూనాలను టీ పోసుకునే ఫ్లాస్కుల్లో ఐసుముక్కల మధ్య పెట్టుకుని ఆర్టీసీ బస్సులో తెచ్చేవాళ్ళం. పక్క సీటావిడ "అక్కా, జెర మంచినీళ్లున్నయా అండ్ల?" అని ఫ్లాస్కు మీద చెయ్యి వేస్తే నా పై ప్రాణాలు పైనే పోయేవి. దిగేదాకా దాన్ని ఒళ్ళో దాచుకుని కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని.

మా మొదటి బాసు మధుసూదనం గారు. నోరు మంచిది కాదు. మెచ్చుకోవడం అన్నది ఆయన ఒంట్లోనే లేదు. సెలవు అడిగితే ఆయన ఆస్తి రాసిమ్మన్నట్టు చూసేవాడు. కానీ ఆయన పెట్టిన ఒక పద్ధతి మీరు నేర్చుకోవాలి. లోపలి గదిలోకి వెళ్ళే ముందు తలుపు దగ్గర నిలబడి, ఈ రోజు దేనికి భయపడుతున్నావో పైకి చెప్పాలి. "సూది సార్." "గాజు పలక అంచు గీసుకుంటుందేమో సార్." "కరెంటు పోతే గాలి లాగే యంత్రం ఆగిపోతుంది సార్." చెప్పాకే తాళం తీసేవాడు. "ఏం లేదు సార్" అన్నవాణ్ణి ఆ రోజుకు బయట గాజుసామాను కడగమనేవాడు.

"భయం లేనోడు నా గదిలకొస్తే వాడు సస్తడు, నన్ను సంపుతడు," అనేవాడు. ఆయనది సదాశివపేట. కోపం వస్తే ఊరి మాట దానంతటదే వచ్చేది.

ఒకసారి సెంట్రిఫ్యూజ్, అంటే రక్తాన్ని గిర్రున తిప్పి కణాలను వేరుచేసే యంత్రం, నడుస్తుండగా లోపల టప్‌మని చప్పుడైంది. ట్యూబు పగిలింది. నాతోపాటు చేరిన రవి ఏం చేస్తున్నాడో తెలియకుండానే మూత మీద చెయ్యి వేశాడు. మధుసూదనం గారు వెనక నుంచి కాలరు పట్టుకుని లాగితే రవి నేల మీద కూలబడ్డాడు. "ముట్టకు! బంద్ చేసి బయటికి నడువుండ్రి!" మూత తీస్తే కంటికి కనబడని తుంపర మొహం మీదికి లేస్తుంది. అది లోపలే నిదానంగా కిందికి దిగేదాకా ఎవరూ ముట్టకూడదు. వరండాలో నిలబడ్డాం.  ఆయన రవికి టీ తెప్పించి, అది తాగడం అయ్యేదాకా తిట్టాడు. ఆ తిట్ల వెనక ప్రేమ ఉందని నేను అనను, ఆయన నిజంగానే తిట్టాడు. కానీ ఆయన కింద పనిచేసిన మాలో ఒక్కరికి కూడా జబ్బు అంటలేదు. బాసు నుంచి నాకు ఇంకేం కావాలి?

భయం ఇంటికి కూడా నాతోపాటే వచ్చేది. మా అత్తగారు నా గ్లాసు వేరే గూట్లో పెట్టింది. ఏమీ అనలేదు, పెట్టింది అంతే. నాకు కోపం రాలేదు. నేనూ ఇంటికి రాగానే తలస్నానం చేయనిదే నా కూతుర్ని ఎత్తుకునేదాన్ని కాదు. మంచినీళ్ళ గ్లాసు వల్ల ఈ జబ్బు అంటదని ఊరంతా తిరిగి చెప్పేది నేనే. అయినా ఎత్తుకునేదాన్ని కాదు.

గోడ అవతల మందు

వైరస్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అది తనకు తాను నకళ్ళు తీసుకుంటూ పెరుగుతుంది. నకలు తీసిన ప్రతిసారీ తప్పులు చేస్తుంది. ఆ తప్పుల్లో ఏదో ఒకటి మందు నుంచి తప్పించుకునే దారి అయి కూర్చుంటుంది. ఒక్క మందే ఇస్తే లొంగే వైరస్ చచ్చి, లొంగనిది మిగిలి, ఆ మిగిలిందే ఒళ్ళంతా నిండుతుంది. మూడు మందులు కలిపి, రోజూ, ఒక్క పూట కూడా ఆపకుండా ఇస్తే అన్నిటి నుంచీ ఒకేసారి తప్పించుకోలేక అణిగి ఉంటుంది. ఇంతే. ఈ ఇంత తెలియడానికి ఎన్ని ప్రాణాలు పోయాయో.

తొంభైలు ముగిసేసరికి ఈ మందుల పొడులు మా చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే తయారవడం మొదలైంది. సాయంత్రం గాలి మళ్ళితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవాల్సిందే. ఏ రోజు ఏం వండుతున్నారో మాకు తెలిసేది కాదు. కానీ ఎక్కడెక్కడి దేశాలకో పోయే ఎయిడ్స్ మందు మా గోడ అవతలే డ్రమ్ముల్లోకి ఎక్కేది. గోడ ఇవతల, పరిశోధన కోసం నాకు రక్తం ఇచ్చిన మనుషులకు ఒక్క నెల మందు కొనుక్కునే తాహతు లేదు. సర్కారు మూడు మందులూ ఉచితంగా ఇవ్వడం ఇంకా మొదలు కాలేదు. ఉన్నదల్లా గర్భిణులకు ఒక ఏర్పాటు. నొప్పులు మొదలవగానే తల్లికి నెవిరపిన్ అనే మందు గోలీ ఒక్కటి, పుట్టాక బిడ్డకు అదే మందు చుక్కలు. ఆ ఒక్క గోలీతో చాలామంది బిడ్డలు బయటపడేవాళ్ళు. చిన్న గోలీ, పెద్ద అదృష్టం. నాకు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా గుబులుగా ఉండేది. నెవిరపిన్ నుంచి తప్పించుకోవడానికి ఈ వైరస్‌కు ఒక్క తప్పు చాలు.

సుగుణ రక్తం

సుగుణను నా దగ్గరికి పంపింది సంగారెడ్డిలో కాన్పుల డాక్టరు సరళ. సుగుణ పుట్టిల్లూ అత్తిల్లూ కొండాపూర్ వైపు పల్లెలే. మొగుడు నర్సింలు కంపెనీలో పనికి కుదిరాక ఇద్దరూ కాజీపల్లిలో కిరాయి గదికి వచ్చారు. మొదటి బిడ్డ పుట్టి, విరేచనాలు పట్టుకుని, కూర్చోవడం నేర్వకముందే పోయింది. అప్పుడు ఎవరూ రక్తం చూడలేదు. రెండో కడుపుతో వచ్చినప్పుడు చూస్తే తనకూ ఉంది, మొగుడికీ ఉంది. మొదటి బిడ్డ ఎందుకు పోయిందో అప్పుడు తెలిసింది వాళ్ళకు.

పరిశోధనకు రక్తం ఇవ్వడానికి ఒప్పుకుంది. నేనే తీశాను. చెయ్యి చాపితే మోచేతి కింద మానిపోయిన దద్దుర్ల మచ్చలు కనబడ్డాయి.

"ఇవేంది?" అన్నాను. నేను పక్కనే ఉన్న ఇంద్రేశం పిల్లనే, మా వాళ్ళతో మాట్లాడితే నాకూ మా మాటే వస్తుంది.

"గవా? మా కాడ అందరికుంటయి మేడం. నీళ్లు గట్లుంటయి." తరవాత నా వైపు చూడకుండానే అడిగింది. "ఈసారి బిడ్డ బతుకుతదా?"

"దవాఖానల గోలీ ఇస్తరు. మంచిగ పనిజేస్తది."

"గోలీ ఏసుకుంటే అంటదా?"

"శానా మందికి అంటలే."

ఆ రక్తంలోంచి వైరస్‌ను పెంచి, గుంటలు గుంటలుగా ఉండే ప్లాస్టిక్ పళ్ళెంలో వేసి, ఒక్కో గుంటలో ఒక్కో మందును కొద్దికొద్దిగా పెంచుతూ పోశాను. ఇది వారాల తరబడి సాగే పని. మిగతా మందుల దగ్గర వైరస్ అణిగింది. నెవిరపిన్ పోసిన గుంటల్లో మాత్రం, ఎంత పోసినా, మందే లేనట్టు పెరిగింది.

 ఒక్క మందు కూడా వాడలేదని చెప్పిన మనిషి రక్తంలో నెవిరపిన్‌కు లొంగని వైరస్ ఎలా వస్తుంది? రెండే దారులు. ల్యాబులో నమూనా తారుమారై ఉండాలి, లేదా లొంగని వైరస్ ఏదో విధంగా నిజంగానే ఆమె ఒంట్లో ఉండాలి. మొదటిది నిజమైతే ఆ గోలీ ఆమె బిడ్డను కాపాడుతుంది. రెండోది నిజమైతే ఆ గోలీ సుద్దముక్కతో సమానం. ఏది నిజమో నాకు తెలియదు. ఆమెకు నెలలు దగ్గర పడుతున్నాయి.

అప్పటికి మధుసూదనం గారు వెళ్ళిపోయి రంగనాథ్ గారు డైరెక్టరుగా వచ్చారు. మెత్తటి మనిషి, ఇస్త్రీ మడత నలగని మనిషి. విషయం వినగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"మందు వాడని మనిషిలో మందుకు లొంగని వైరస్! ఇది పెద్ద సంగతి మేడం. వెంటనే పరిశోధన పత్రికకు రాసి పంపండి."

"నమూనా మారిపోయి ఉంటేనో సార్?"

"మళ్ళీ చేయండి. ఇంకో నెల పడుతుంది, అంతే కదా."

"నెలలోపే ఆమెకు కాన్పు కావచ్చు సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అది ఆసుపత్రి వాళ్ళ పని."

చెడ్డవాడని అనను. ఆయనకు ఆ వైరస్ పళ్ళెంలో ఉంది, నాకు మనిషిలో ఉంది. పిల్లలూ, ఇలాంటి బాసు కింద పనిచేయడం తిట్టే బాసు కింద పనిచేయడం కన్నా ప్రమాదం. తిట్టేవాడు కనీసం మీ కాలరు పట్టుకుంటాడు.

సరళకు ఫోన్ చేశాను. సరళ ఎప్పుడూ సూటిగా మాట్లాడుతుంది. "నెవిరపిన్ లొంగదని ఖాయంగా చెప్పగలవా?"

"ల్యాబులో లొంగలేదు. ల్యాబే తప్పు చేసిందా అంటే చెప్పలేను."

"దాని బదులు జిడోవుడిన్ ఇప్పట్నుంచే మొదలుపెట్టొచ్చు. కానీ ఆమెకు రక్తం బాగా తక్కువ. ఆ మందు ఉన్న రక్తాన్ని కూడా తగ్గిస్తుంది. ఊరికే అనుమానం మీద ఇచ్చి, రేపు కాన్పు బల్ల మీద ఆమె నా చేతుల్లో పోతే? నాకు ఖాయం కావాలి."

ఫోన్ పెట్టేశాను. గోలీని నమ్మితే బిడ్డ, నమ్మకపోతే తల్లి. ఎటు తప్పినా ఒక ప్రాణం. మళ్ళీ పళ్ళెంలో పెంచి చూసే వ్యవధి లేదు. మిగిలింది మనిషిని అడగడమే.

కిరాయి గదిలో

ఆదివారం పొద్దున ఆటోలో ఒక్కదాన్నే వెళ్ళాను. ఆఫీసు జీపు దిగితే వాడ మొత్తం గుమ్మాల్లోకి వస్తుంది. కంపెనీ గోడను ఆనుకుని రేకుల గదుల వరుస. బీహార్ పిల్లలు, ఒడిశా పిల్లలు, మన పల్లెల వాళ్ళు, గదికి ఇంతమంది అని లేకుండా ఉంటారు. సుగుణ నన్ను చూసి బిగుసుకుపోయింది. పక్క గదామె "ఎవలు సుగుణా?" అని అడిగితే, "మా పెద్దమ్మ బిడ్డ, ఇంద్రేశం నుంచొచ్చింది" అని గబుక్కున అబద్ధమాడి, నన్ను లోపలికి లాగి తలుపు వేసింది.

నర్సింలు మంచం మీద నుంచి లేచాడు. ముప్పై కూడా నిండని మనిషి, అప్పటికే బుగ్గలు లోపలికి పోయాయి.

"గిట్ల ఇంటికి రావొద్దు మేడం. ఎవలకన్న ఎరుకైతే గది ఖాళీ చేయిస్తరు."

"నాకు తెల్వదా? ఒక్క మాట అడిగి పోత. సుగుణ ఏమన్న మందులు తిన్నదా?"

"ఏం తినలే. దవాఖానల చెప్పినం గదా."

"ఎవలన్న ఇచ్చిన గోలీలు? నాటు మందు?"

"లేదంటే లేదు మేడం."

సుగుణ స్టవ్ వెలిగించడానికి కూర్చుంది. అగ్గిపుల్ల వెలగడం లేదు. ఆ చేతి మీద మచ్చలు మళ్ళీ కనబడ్డాయి. ఇంతకు ముందు నీళ్ళ మీదికి తోసేసిన మచ్చలు. నెవిరపిన్ మొదలుపెట్టిన కొత్తలో కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. 

"కంపెనీల నువ్వు ఏం పని చేస్తవ్ నర్సింలూ?"

"పౌడర్ సెక్షన్."

"అంటే?"

"ఎండిన మాల్ జల్లెడ పట్టి డ్రమ్ములల్ల నింపుడు."

"ఏం మాల్?"

 అప్పుడే తలుపు మీద ఎవరో తట్టారు. నర్సింలు సందు చేసి చూశాడు. బయట ఒక బీహార్ కుర్రాడు, లోడింగ్ పనివాడు, ఆ తెల్లది ఉంటే కొంచెం ఇమ్మని గొంతు తగ్గించి అడిగాడు. "నర్సింలు భాయ్, వో సఫేద్ వాలా హై క్యా? థోడా దే దో."

"అభీ నహీ. జావ్ జావ్," అని నర్సింలు తలుపు మూశాడు. వెనక్కి తిరగలేక అక్కడే నిలబడ్డాడు.

 ఒక్క గదిలో ఉందనుకున్నది వాడంతా పాకిందా? కంపెనీ పొడిని ఎంతమంది తింటున్నారు? ఎంతమంది ఒళ్ళల్లో ఈ లొంగనిది తయారై, ఎంతమంది భార్యలకు పోతోంది? 

కానీ నేను వచ్చింది ఒక్క బిడ్డ కోసం. అదొక్కటీ తెలుసుకోనిదే కదలకూడదనుకుని కూర్చున్నాను.

"మీ నాయిన పత్తి పెడ్తడా?" అని అడిగాను.

"పెడ్తడు."

"పచ్చపురుగుకు ఒక్కటే మందు మల్ల మల్ల కొడితే ఏమైతది?"

"పురుగు సావది. మందు తాగి ఇంకింత బలుస్తది."

"సుగుణ ఒంట్ల గదే అయింది. నాకట్లనే అనిపిస్తున్నది. నిజమా కాదా నువ్వే చెప్పాలె."

"నేను ఏం తేలే మేడం." తలుపు గడియ మళ్ళీ చూసుకున్నాడు. "తెచ్చిన అంటే నౌకరి పోతది. దొంగతనం కేసు పెడ్తరు. గేటు కాడ అంగీ ఇప్పి సూస్తరు మమ్ముల. ఇగ మా నాయినకు మొఖమెట్ల సూపియ్యాలె?"

"కంపెనీకి చెప్ప. పోలీసోళ్లకు చెప్ప. నా బిడ్డ మీద ఒట్టు. విను. సుగుణ గా పౌడర్ తిన్నదంటే దవాఖాన గోలీ పనిజేయది, బిడ్డకంటుతది. తినకున్నా తిన్నదనుకొని వేరే మందిస్తే, రక్తం లేని మనిషి, సుగుణ పాణం మీదికొస్తది. నువ్వు అబద్ధం చెప్పినవనుకో, ఇద్దరిల ఒకలు పోతరు. నాకు దెల్వక అడుగుతున్న. నాకు భయమైతున్నది నర్సింలూ."

 సుగుణ అగ్గిపెట్టె విసిరికొట్టింది.

"ఇంకేం దాస్తవయ్యా! ఒక బిడ్డను మట్టిల పెట్టొస్తిమి, సాలదా నీకు? తిన్న మేడం. కడుపుల పడ్డదని తెల్సినప్పటి సంది తిన్న. మజ్జిగల కలిపి ఇచ్చిండు. కంపెనీల గా మాల్ నడిచినన్ని దినాలు ఇద్దరం తిన్నం. మాల్ మారితే లేకుండె. మల్ల నడిస్తే మల్ల తిన్నం. ఒళ్లంతా దద్దులొచ్చినా తిన్న. బిడ్డ కోసం తిన్న!"

నర్సింలు మోకాళ్ళ మీద కూలిపోయాడు. మగవాడు అలా ఏడవడం నేను ఎక్కువ చూడలేదు. "మా సూపర్‌వైజర్ చెప్పిండు మేడం, గిది ఎయిడ్స్ మందురా, దేశాలకు పోతదని. రోజు నా చేతులతోని నింపుతున్న, నా ఎంట్రుకలల్ల నిండుతున్నది. లోకానికి పనిజేసేది నా పెండ్లానికి పనిజేయదా అనుకున్న. సాక్సులల్ల పెట్టి తెచ్చిన. గింత చిటికెడు. గిదే రోగమున్న పక్క గదులోళ్లేమో భాయ్ నాకింత, నాకింత అని కాళ్లు పట్టుకుండ్రి. ఇయ్యకుండ ఎట్లుంటరు?"

 అతని స్థానంలో నేనున్నా తెచ్చేదాన్నే. చదువుకున్నాను కాబట్టి ఎంత వేయాలో తూచి వేసేదాన్ని, అంతే తేడా. ఒక్క మందే, అదీ ఉన్నప్పుడు తిని లేనప్పుడు మానేయడం. లొంగని వైరస్‌ను తయారు చేయమని నాకు ల్యాబులో పని అప్పగిస్తే సరిగ్గా అదే పద్ధతి వాడతాను. అతను భార్య మీది ప్రేమతో, మజ్జిగ గ్లాసులో, అదే చేశాడు.

ఏం పని చేస్తావ్?

పిల్లలూ, ఈ కథ నుంచి మీకు కావలసింది ఇది. "మందులు వాడావా?" అన్న ప్రశ్నకు భయపడ్డ మనిషి ఎప్పుడూ లేదనే అంటాడు. రోజంతా ఏం పని చేస్తాడో అడగండి. చేతులు చూడండి. ఇంటికి వెళ్ళండి. ఇంటికి వెళ్ళడం మన పని కాదని ఏ డైరెక్టరైనా అంటే వినబడనట్టు ఉండండి. "మందు వాడని మనిషి" అని రాసి పంపడానికి నేను ఒప్పుకోలేదు. రంగనాథ్ గారు ఆ తరవాత నాతో మునుపటిలా మాట్లాడలేదు. పోనీ.

సరళ మర్నాడే జిడోవుడిన్ మొదలుపెట్టింది. భయపడినట్టే సుగుణకు రక్తం ఇంకా తగ్గింది. ఆమె తమ్ముడు వచ్చి రక్తం ఇచ్చాడు, ఎందుకని అడగలేదు. ఆ రోజుల్లో ల్యాబులో ఫోన్ మోగితే నేను ఎత్తేదాన్ని కాదు. ఇంకెవరైనా ఎత్తి, వాళ్ళ మొహం మామూలుగా ఉందని చూశాకే ఊపిరి పీల్చుకునేదాన్ని. నర్సింలు దగ్గర పొడి తీసుకున్నవాళ్ళను అతనే ఒక్కొక్కరిగా సరళ దగ్గరికి తీసుకొచ్చాడు. అందరూ రాలేదు. లోడింగ్ కుర్రాడు రాకుండానే ఊరెళ్ళిపోయాడు. అతను ఎక్కడున్నాడో, ఎవరికి ఏమిచ్చాడో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నర్సింలు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కొన్నాళ్ళకు సర్కారు మూడు మందులూ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిలో ఒకటి నెవిరపిన్. అందరికీ పనిచేసింది, ఊర్లకు ఊర్లు మంచాల మీంచి లేచాయి. నర్సింలు ఒంట్లో అది పనిచేయలేదు. వేరే మందులు మన దాకా రాకముందే పోయాడు. పోయేదాకా పౌడర్ సెక్షన్‌లోనే పనిచేశాడు. సుగుణకు ఆ వేరే మందులు అందాయి. ఆమె ఉంది.

లేదు అన్న రోజు

ఆడపిల్ల పుట్టింది. పాలు ఇవ్వొద్దని సరళ ముందే గట్టిగా చెప్పింది. తల్లిపాల నుంచి కూడా ఈ వైరస్ దిగుతుంది. డబ్బా పాలే పట్టాలి. చెప్పడం తేలిక. వాడలో బాలింత బిడ్డకు పాలివ్వకపోతే రోగం ఉన్నట్టు చాటింపు వేసినట్టే. రొమ్ములో గడ్డ అయిందని సుగుణ అబద్ధం చెప్పుకుంది. పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కట్టుకోమని ఎవరో పెద్దామె చెబితే, జాకెట్టు లోపల పూలు పెట్టి గుడ్డతో బిగించి కట్టుకుంది. పక్క గదామె వాసన పట్టి "ఏందే, బాలింతవు, పూల సోకులా?" అని ఎకసెక్కం ఆడితే నవ్వేదట. బిడ్డ ఏడ్చినప్పుడల్లా పాలు కారి ఆ పూలు తడిసేవట.

నెల దాటాక బిడ్డ రక్తం నా దగ్గరికి వచ్చింది. పసిపిల్లల్లో మామూలు పరీక్ష పనికిరాదు, తల్లి నుంచి వచ్చిన గుర్తులు ఏడాది పైన ఉండి మోసం చేస్తాయి. వైరస్‌నే వెతకాలి. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. నేనే చేశాను. లేదని వచ్చింది. నమ్మలేదు. మళ్ళీ చేశాను. లేదు. వైరస్ ఉన్న రక్తాన్ని, లేని రక్తాన్ని పోలికకు పక్కన పెట్టి ఇంకోసారి చేశాను. లేదు. ల్యాబులో అంతమంది ముందు బల్ల మీద తల ఆనించుకుని ఏడ్చాను. "ఏమైంది మేడం?" అని అందరూ పరేషాన్ అయ్యారు.

సాయంత్రం కాజీపల్లి వెళ్ళాను. నర్సింలు డ్యూటీలో ఉన్నాడు. సుగుణ గడప లోపల కూర్చుని బిడ్డను ఒళ్ళో పెట్టుకుంది. బిడ్డ వీపును తన పొట్టకు ఆనించి, మొహం బయటికి ఉండేలా. అలా పట్టుకోవడం ఎప్పుడూ చూడలేదు నేను. తల్లులు తమ వైపు తిప్పుకుంటారు కదా.

"లేదు సుగుణా. నీ బిడ్డకు లేదు. నేనే సూసిన, మల్ల మల్ల సూసిన."

ఆమెకు ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమై, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఊగుతూ ఊగుతూ ఏడ్చింది. పక్క గదికి వినబడకుండా ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, చటుక్కున బిడ్డను తన వైపు తిప్పుకుంది. బిడ్డ వెంటనే మూతి చాపి జాకెట్టు మీద వెతకడం మొదలుపెట్టింది. తడి మరక పెద్దదవుతోంది.

సుగుణ నా వైపు చూసింది. ఆ మొహం నిండా సంతోషమే.

"లేదంటిరి గదా మేడం. ఇగ పాలియ్యొచ్చు గదా?"

 లేదన్న మాట ఆమెకు ఎలా వినబడిందో అప్పుడు తెలిసింది. "వద్దు సుగుణా. ఇప్పుడు లేదు. పాలిస్తే రావొచ్చు."

"ఒక్కసారి. ఒక్కటంటే ఒక్కసారి. మొదటిదానికి ఇచ్చిన, అది పాయె. దీని నోరు ఎట్లుంటదో కూడ తెల్వదు నాకు."

"ఒక్కసారి కూడ వద్దు."

ఆమె నన్ను చూసింది. అంత కోపంగా నన్ను ఎవరూ చూడలేదు, మధుసూదనం గారు కూడా. తరవాత బిడ్డ మొహాన్ని మెల్లగా బయటికి తిప్పేసింది. బిడ్డ గుక్కపట్టింది. సుగుణ చెయ్యి చాపి పాలసీసా అందుకుని, బిడ్డ నోటికి పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

సీసా ఖాళీ అయ్యేదాకా నేను ఆ గడప దగ్గర నుంచి కదల్లేదు. ఆమె మీద నమ్మకం లేక కాదు. నేనైతే ఇచ్చేసేదాన్ని.